బొర్రా చూసి వచ్చాం, గోస్తనిని చూశామా?

విశాఖపట్నం స్టేషనులో ఉదయం ఏడు కొట్టకముందే కిరండూల్ పాసింజరు కదులుతుంది. అరకు ఒక్కరోజు యాత్రకు వెళ్ళేవారిలో చాలామందికి అదే మొదటి మెట్టు. కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోట దాటి శివలింగపురం వచ్చేసరికి పొలాలు అయిపోయి కొండ మొదలవుతుంది. ఇక అక్కడి నుంచి సొరంగం తర్వాత సొరంగం. పిల్లలు లెక్కపెడతారు, పెద్దలు కేకలు వేస్తారు, కొత్త దంపతులు ఫోటోలు తీసుకుంటారు. అరకులో దిగగానే బస్సు సిద్ధంగా ఉంటుంది. మ్యూజియం, పద్మాపురం తోట, భోజనం, కాసేపు థింసా, ఒక కప్పు కాఫీ, గాలికొండ మలుపు దగ్గర ఐదు నిమిషాలు, చివరికి బొర్రా గుహలు. రాత్రికి తిరిగి విశాఖ. పన్నెండు పద్నాలుగు గంటల్లో ఇన్ని చూపించడం తేలిక పని కాదు. ఆ ఏర్పాటును తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కాని ఆ యాత్రలో చూపేదేమిటి, చూపకుండా వదిలేదేమిటి అని ఒకసారి అడగవలసిన అవసరం ఉంది. ఎందుకంటే ఆ కొండ వేరు, మన పల్లె వేరు కాదు. ఆ కొండల్లో పుట్టిన నీరే మన మడికి వస్తున్నది, పట్నంలో కుళాయికి వస్తున్నది.

ముందుగా రైలు సంగతి. ఈ మార్గం యాత్రికుల కోసం వేసింది కాదు. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన మార్గం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు తవ్వారు. ఆ ఖనిజం కోసమే 1976లో విశాఖలో ఔటర్ హార్బరు తయారైంది. 32 మంది ప్రాణాలు బలిగొన్న 1966 నాటి ఉద్యమం ఫలితంగా వచ్చిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమయ్యాక, దాని కొలిమికీ ఈ పట్టాల మీదనే ఖనిజం దిగుతున్నది. ఇప్పటికీ ఆ లైను మీద గూడ్సుకే పెద్దపీట. పాసింజరు బండి ఏ చిన్న స్టేషనులోనో ఆగి, ఎర్రటి దుమ్ము కప్పిన వ్యాగన్లు ఒకటొకటిగా దాటిపోయేదాకా నిలబడవలసి వస్తే విసుక్కోకండి. మనం ఎక్కింది వాటి బాటలో. 2017లో అద్దాల పెట్టె తగిలించిన తర్వాత మాత్రం ఈ మార్గం ఖనిజానిదని జనం మరచిపోతున్నారు.

శిమిలిగూడ స్టేషను విషయం కూడా ఒకటి చెప్పాలి. సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజి మీద ఇదే అన్నిటికన్నా ఎత్తయిన స్టేషను అని ఇంకా కొందరు గైడ్లు చెబుతున్నారు. కశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి బండి నడవడం మొదలయ్యాక ఆ మాటకు కాలం చెల్లింది. అయినా మన శిమిలిగూడకు వచ్చిన లోటేమీ లేదు. ఆ ఎత్తున, ఆ రోజుల్లో, ఆ అడవిలో లైను వేయడమే గొప్ప.

ఇక బొర్రా. యాత్రకు వచ్చినవారు ఎక్కువ ఆశతో చూసేది, తక్కువ తెలుసుకుని వచ్చేది ఇదే.

గుహలోకి దిగగానే వినపడే మొదటి మాట: 1807లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అనే దొర ఈ గుహలను కనిపెట్టాడు అని. ఎన్నో కరపత్రాల్లో ఇదే మాట. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టిందే 1851లో. పుట్టని ఆఫీసులో ఉద్యోగి 1807లో ఎలా వచ్చాడో చెప్పేవారు లేరు, అడిగేవారూ లేరు. ఒకరు రాసినది మరొకరు చూసి రాస్తూ పోయారు.

కొండవాళ్ళు చెప్పే కథ వేరు. కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి పైనున్న బిలంలో నుంచి లోపల పడిపోయింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన పశువుల కాపరి గుహను చూశాడు, లోపల శివలింగాన్ని చూశాడు. ఆవు బతికే ఉంది. ఆవు పొదుగులా వేలాడే రాతి నుంచి కారే నీరే గోస్తని అయింది. గో అంటే ఆవు, స్తనం అంటే పొదుగు. కథ నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. కాని దొర ఎప్పుడు వచ్చినా, ఆవు ముందే వచ్చిందన్న సంగతి మాత్రం కాదనలేం. నదికి ఆ పేరు దొర పెట్టినది కాదు కదా.

గుహ తయారైన తీరు కూడా కథ కన్నా తక్కువ వింతేమీ కాదు. ఇది సున్నపురాయి కొండ. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్ది కొద్దిగా కరిగిస్తూ లోపలికి దిగి, కప్పు నుంచి చుక్క చుక్కగా రాలుతుంది. రాలే ముందు కొంత సున్నం పైన వదులుతుంది, రాలిన చోట కొంత వదులుతుంది. పైది కిందికి పెరుగుతుంది, కిందది పైకి పెరుగుతుంది. మన ఇంటి రాగిబిందె అడుగున పేరుకునే తెల్లటి గారను తలచుకోండి. అదే పని ఇక్కడ లక్షల ఏళ్ళు జరిగింది. మన చేతి జిడ్డు అంటితే ఆ రాయి ఎదుగుదల ఆగిపోతుంది. లోపల కాలుతున్న దీపాల వేడికి, వెలుతురుకు పాచి పడుతుంది. పండుగ సెలవుల్లో గుహ నోటి దగ్గర జనాన్ని చూస్తే మన జాతరలు గుర్తుకు వస్తాయి.

ఫ్రాన్సు దేశంలో లాస్కో అనే గుహ ఉంది. వేల ఏళ్ళనాటి మనుషులు గోడల మీద వేసిన ఎద్దుల, గుర్రాల బొమ్మలు అక్కడ 1940లో బయటపడ్డాయి. 1948లో జనానికి తెరిచారు. వచ్చినవారి ఊపిరికి, ఒంటి వేడికి గోడలు పాచిపట్టి బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసివేశారు. ఇప్పుడు చూసేవారికి పక్కనే కట్టిన నకలు గుహ చూపిస్తారు. బొర్రాను మూయాలని ఎవరూ అనడం లేదు. రోజుకు ఎందరు, ఒక విడతకు ఎందరు అని లెక్క పెట్టుకుని పంపడం మాత్రం మన చేతిలో పనే. తిరుమలలో అంతమందిని వరుసలో నిలబెట్టగలిగినవాళ్ళం, బొర్రాలో నిలబెట్టలేమా?

గుహ బయటకు వచ్చాక యాత్రికుడికి ఎవరూ చెప్పని విషయం మరొకటి ఉంది. దేశమంతా చదువుకునే ఒక కోర్టు తీర్పుకు మూలం ఈ బొర్రా పంచాయతీయే.

ఈ కొండల్లో కాల్సైటు వంటి ఖనిజాలు ఉన్నాయి. గిరిజనుల సాగులో ఉన్న భూముల్లో తవ్వుకోవడానికి గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వమే లీజులు ఇచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషను చెబుతున్నది. మన వాళ్ళు వాడుకలో వన్ ఆఫ్ సెవంటీ అనేది దీన్నే. ఆ కట్టడి మామూలు మనుషులకే గాని ప్రభుత్వానికి కాదని వాదన వచ్చింది. సమతా అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మాట ఇది: ఈ చట్టం దృష్టిలో ప్రభుత్వమూ ఒక వ్యక్తే, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదు. అంతేకాదు, గనుల నుంచి వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీటి వసతికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలని కూడా చెప్పింది.

ఒరిస్సాలో, ఝార్ఖండులో, ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులు తమ భూమి కోసం నిలబడినప్పుడల్లా సమతా తీర్పు అని దీని పేరే చెబుతారు. అది పుట్టిన ఊరికి రోజూ బస్సులు వచ్చి పోతున్నాయి. ఆ బస్సుల్లోని వారికి ఆ ఊసే తెలియదు. గుహ ముందు ఒక రాతి పలక మీద నాలుగు తెలుగు వాక్యాలు చెక్కించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆ ఇరవై శాతం మాట గనుల గురించి చెప్పింది, నిజమే. కాని గుహ కూడా ఒక విధంగా గనే కదా. రాయిని తవ్వి అమ్మితే ఒకసారి డబ్బు. రాయిని అలాగే ఉంచి చూపిస్తే రోజూ డబ్బు. రెండో పద్ధతే మంచిదని అందరూ ఒప్పుకుంటారు. అలాంటప్పుడు టిక్కెట్టు డబ్బులో ఆ పంచాయతీ వాటా ఎంత అన్నది బహిరంగంగా బోర్డు మీద రాసి పెట్టాలి. ఎంత వచ్చింది, ఎంత ఊళ్ళకు చేరింది, దాంతో ఏ గూడేనికి నీళ్ళు వచ్చాయి అన్నది 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ చట్టం ఏజెన్సీ గ్రామసభలకు ఇచ్చిన గౌరవం కాగితం మీద ఉన్నంత ఎత్తుగా కొండ మీద ఉందా అన్నది అనంతగిరి మండలంలో ఎవరిని అడిగినా చెబుతారు. భూటాన్ దేశం పొరుగునే ఉంది. చూడవచ్చిన మన దేశస్థుడి దగ్గర రాత్రికి 1,200 రూపాయల రుసుము తీసుకుంటుంది. అది తమ బడులకు, వైద్యానికి, అడవికి అని చెప్పి మరీ తీసుకుంటుంది. యాత్రికులు మానలేదు.

ఇదే రోడ్డు పక్కన మరో దృశ్యం. అద్దాల బస్సు వెళ్ళే తారు రోడ్డుకు కొద్ది మైళ్ళ లోపల రోడ్డు లేని గూడేలు ఇంకా ఉన్నాయి. పురిటి నొప్పుల మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్త మనం ఏటా చదువుతూనే ఉన్నాం. నేనూ రాశాను. ఒకసారి అలా మోసుకొచ్చి రోడ్డు మీద డోలీ దించి అంబులెన్సు కోసం చూస్తున్నవారి పక్కన ఒక యాత్రా బస్సు ఆగింది. కిటికీలో నుంచి ఇద్దరు ముగ్గురు ఫోటో తీశారు. ఒక ముసలాయన మాత్రం దిగి వచ్చి తన దగ్గరున్న మంచినీళ్ళు, దుప్పటి ఇచ్చి, అంబులెన్సు వచ్చేదాకా కదలనన్నాడు. ఆయన కోసం బస్సు ఆగవలసి వచ్చింది. టైము దాటిపోతోందని లోపలివారు గొణిగారు. ఆ బస్సు ఎవరిదైతేనేం, టైము కాగితం అందరిదీ అలాగే ఉంటుంది.

అరకులో థింసా విషయానికి వద్దాం. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతుంటే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు కలుపుకుని, పాములాగా మెలికలు తిరిగే వరుసలో ఆడే ఆట అది. చైత్రమాసం ఇటుకల పండుగకు, పెళ్ళిళ్ళకు ఆడతారు. ఒక ఊరివారు మరో ఊరికి ఆడుతూ వెళ్ళి అక్కడ భోజనాలు చేసి వస్తారు. ఊరికీ ఊరికీ మధ్య చుట్టరికాన్ని నిలబెట్టే ఆట. దాన్ని అన్నం తిన్న వెంటనే పదిహేను నిమిషాలు ఆడించి, చివర యాత్రికులను కూడా వరుసలో దూర్చి కేరింతలు కొట్టిస్తున్నారు. ఆడినవారికి నాలుగు డబ్బులు రావడం మంచిదే, ఆ పని వద్దని చెప్పడానికి మనమెవరం? కాని ఆడుతున్నది ఏ ఊరివారు, ఏ తెగవారు, ఆ పాట ఏ భాషలో ఉంది అని ఒక్క మాట చెప్పించలేరా? బగత, వాల్మీకి, కొండదొర, కోందు, పోర్జ, గదబ, కోటియా అని ఈ కొండల్లో ఎన్ని తెగలు. కొందరిది కువి, కొందరిది ఒడియాను పోలిన మాట, కొందరిది తెలుగు. యాత్రికుడికి మాత్రం అందరూ కలిసి 'ట్రైబల్స్'.

అరకు మ్యూజియం ఆ లోటు కొంత తీరుస్తుంది. నిదానంగా చూస్తే చేపలు పట్టే బుట్టలు, వేట సామాను, నగలు, సంత బొమ్మలు అన్నీ అక్కడ ఉన్నాయి. ఇచ్చే అరగంటలో నిదానం ఎక్కడిది?

కాఫీకి వచ్చిన పేరు మాత్రం న్యాయంగా వచ్చింది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సిల్వర్‌ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియం తీగ పాకించి, ఎకరం రెండెకరాల గిరిజన రైతులు పండించే పంట ఇది. పోడు కన్నా నిలకడైన రాబడి. కాఫీ కొనేటప్పుడు గిరిజన సహకార సంస్థ పొట్లమా, పట్నం వ్యాపారి పొట్లమా అని చూసి కొనండి. రోడ్డు పక్కన రాజ్మా, పిప్పళ్ళు, పనస తొనలు పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర ఐదు రూపాయల కోసం బేరం ఆడకండి. పెద్ద హోటల్లో బొంగు చికెన్‌కు అడిగినంత ఇచ్చేవారు, చింతపండు బుట్ట దగ్గరకు రాగానే లెక్కల మాస్టర్లు అయిపోతారు.

గెడ్డల దగ్గర సీసాలు, ప్లాస్టిక్ పళ్ళాల గురించి ఎంత రాసినా సిగ్గు వచ్చేవారికే వస్తుంది. అడ్డాకు విస్తరి కుట్టి బతికే జనం మధ్యకు వెళ్ళి ప్లాస్టిక్ విస్తరి పారేసి రావడం కన్నా వింత ఉందా?

ఇప్పుడు అసలు సంగతి. బొర్రాలో చూసిన ఆ నీటి చుక్క ఎక్కడికి పోతుంది?

గోస్తని అనంతగిరి కొండలు దిగి విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయానికి చేరుతుంది. 1960లలో కట్టిన ఆ ఆనకట్ట నీరు పొలాలు తడుపుతుంది, విశాఖ నగరానికి తాగునీరు ఇస్తుంది. అక్కడి నుంచి నది జామి మీదుగా పద్మనాభం పక్కగా సాగుతుంది. పద్మనాభంలో 1794 జూలై 10న కుంఫిణీ సేనతో తలపడి విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు నేలకొరిగాడు. ఆ తర్వాత చిట్టివలస. జనపనార మిల్లు సైరను మోగినంత కాలం వేల కుటుంబాలు ఆ ఏటి ఒడ్డున అన్నం తిన్నాయి. 2009లో మిల్లు మూతపడింది. చివరకు భీమునిపట్నం దగ్గర గోస్తని సముద్రంలో కలుస్తుంది. డచ్చివారి సమాధులు, 1861లో ఏర్పడిన మునిసిపాలిటీ, దీపస్తంభం, పైన పావురాలకొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళు అన్నీ అక్కడే.

కొండ మీద ఆవు కథతో మొదలై సముద్రం ఒడ్డున డచ్చి సమాధుల దాకా ఒకే నది. నేడు అది మూడు జిల్లాల్లో ఉంది. బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లా, తాటిపూడి విజయనగరం, భీమిలి విశాఖ. 1979లో విజయనగరం విడిపోయేదాకా ఇదంతా ఒక్క విశాఖ జిల్లాయే. గీతలు మనం గీసుకున్నాం, నది గీసుకోలేదు.

అరకు యాత్ర ఉన్నట్టే ఉండనివ్వండి. దానితోపాటు గోస్తని యాత్ర ఒకటి పెట్టాలని పర్యాటక శాఖకు ఈ వ్యాసం మూలంగా విజ్ఞప్తి. ఉదయం రైలులో బొర్రా. అక్కడ ఊరి గైడే తన మాటల్లో తన కథ చెబుతాడు, తీర్పు కథా చెబుతాడు. గుహ చూశాక ఘాట్ రోడ్డున శృంగవరపుకోట దిగి తాటిపూడి గట్టు మీద మధ్యాహ్న భోజనం. ఎండ తగ్గాక పద్మనాభం, పొద్దుగూకే వేళకు భీమిలి. కాఫీ తోట చూడలేదని బాధపడేవారికి వేరే రోజు ఉండనే ఉంది. మలుపు మలుపుకూ దిగి ఫోటో తీసుకునే యాత్ర కాదు ఇది, నీటి వెంట నడిచే యాత్ర. మూడు జిల్లాల కలెక్టర్లు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయే పని.

మొదటి బస్సులో పట్నం యాత్రికులకన్నా ముందు మన బడిపిల్లలను కూర్చోబెట్టాలి. జామిలో, పద్మనాభంలో, తగరపువలసలో గోస్తని గట్టున పుట్టి పెరిగిన పిల్లల్లో బొర్రా చూసినవారు ఎందరు? తిరుపతికి వెళ్ళడానికి ఏడాది పాటు చిట్టీ కట్టే మన ఊళ్ళు, ఇంటి వెనక ఏరు ఎక్కడ పుట్టిందో చూడటానికి ఒక్కరోజు వెచ్చించలేవని నేను అనుకోను. అలాగే బొర్రా, కటికి గూడేల పిల్లల్లో తమ చుక్క నీరు కలిసే సముద్రాన్ని చూడనివారు ఉన్నారు. బస్సు పైకి వెళ్ళేటప్పుడు కింది పిల్లలు, కిందికి దిగేటప్పుడు పైపిల్లలు ఎక్కితే సీట్లు రెండు వైపులా నిండుతాయి.

ఇందులో కలెక్టర్ల కోసం చూడకుండా మనం చేయగలిగింది కూడా ఒకటి ఉంది. కార్తీక మాసంలో వనభోజనాలకు ఊరూరా లారీలు, ఆటోలు కడతాం. వాన వెనకబట్టి గెడ్డలు తేటగా పారే రోజులు, కొండ మీద వలిసెలు పచ్చగా పూసే రోజులు అవి. ఈసారి ఒక్క ఊరైనా తోట మార్చి బొర్రా దారి పట్టవచ్చు. పంచాయతీవారికి ముందుగా కబురు పెడితే వంట అక్కడివారే చేస్తారు, విస్తళ్ళు వాళ్ళే కుడతారు. ఆ డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది.